పొట్టు బూడిద

భార్గవీ, ఆ కాయితం నేనే దాసిన.
అద్దం ఎనుక, నీ చిన్నప్పటి దువ్వెన పక్కన.
సగం ఎరుపు, సగం నీలం.
పోయిందనుకొని నాలుగు దినాలు ఎతికినవ్ గదా.

ఆ పొద్దు యాదికున్నది.
ఆముదపు కాయల పొట్టు కాల్చి
బూడిద కుండల నానబెట్టి
పై తేట గిన్నెల వంచుతున్న.
మా అమ్మ పుట్టపాకల నేర్పిన పని.
తేట సరిపోయిందా లేదా అని
రెండు వేళ్ళ నడుమ రాసి చూస్త,
జారితె అయినట్టు.
నాలుక కొసకు ఒక్క బొట్టు పెడ్త,
చురుక్కుమంటె అయినట్టు.
అంతకు మించి నన్నెవరూ అడగలే,
నేనూ చెప్పలే.

నువ్వు బడిసంచిలకెళ్లి
అగ్గిపుల్లంత ఎర్ర కాయితం తీసి
గిన్నెల ముంచినవ్.
నీలమైంది.
"అమ్మా, ఇది క్షారం" అన్నవ్.
క్షారం.
ముప్పై ఏండ్లు నా చేతుల తోలు తిన్నదాని పేరు
అంత చిన్నగుంటదనుకోలే.

ఆ కాయితం నస్రీన్ టీచర్‌ను అడిగి తెచ్చినవో
అడగకనే తెచ్చినవో, నేనడగ.
మీ బడిల సైన్సు గదిల
పగటి బువ్వకు బియ్యం బస్తాలు పెట్టిండ్రంట,
ఆమెనే పక్కకు జరిపి
కిటికీ కాడ ఒక బల్లంత జాగ సంపాయించిందంట.
ఆ బల్ల కాడ ఆడపిల్లలే ముందు నిలబడాలని
మొగపిల్లలను ఎనక్కు పంపుతదంట.
నువ్వు చెప్తుంటె నవ్వొచ్చింది.
నవ్వి, లోపలికి పోయి, ఎందుకో ఏడ్చిన.

ఇప్పుడు పది అయిపోయింది.
ఫారం ఆసు పక్కన పడున్నది, దాని మీద స్కేలు.
గ్రూపు అన్న కాడ ఇంక ఖాళీ.

నూలు దుకాణం సత్తయ్య అన్నడు:
ఆడపిల్లకు ల్యాబులెందుకక్కా,
యాసిడ్ గీసిడ్ మీద పడితె మొఖం ఖరాబైతది.
నేను నా చేతులు చూపించిన.
గోళ్ళ సందుల ఎరుపు, అరచేతుల పగుళ్ళు.
వీటి గురించి ఏ పూట రందిపడ్డవ్ సత్తయ్యా అన్న.
చిల్లర లెక్కపెట్టుకుంట కూసున్నడు.

మీ నాయన చెడ్డోడు గాదు.
మగ్గం గుంతల కూసోని కూసోని నడుం పోయినోడు.
నువ్వు గ్రాఫు కాయితం మీద చుక్కలు పెట్టి
చిలకను ముందుగాల లెక్కల్ల పుట్టించినవ్ జూడు,
ఆ పొద్దు వాడంత చూపిచ్చుకుంట తిరిగిండు.
ఇప్పుడేమొ సైన్సు గ్రూపు చండూరుల ఉన్నది,
రోజూ అంత దూరం పిల్ల ఎట్ల పోతది అంటడు.

దూరం సంగతి నువ్వే తేల్చినవ్ మొన్న.
నేను ఆసు పోస్తుంటె పక్కన కూసోని
మొల నుంచి మొలకు టేపు పట్టినవ్.
చెయ్యి పోయిన దూరం, వచ్చిన దూరం,
ఒక చీరెకు ఎన్నిసార్లని
నోటుబుక్కుల గుణించి, కొట్టేసి, మళ్ల గుణించి
లేసి నిలబడ్డవ్:
"అమ్మా, ఒక్క చీరెకు నీ చెయ్యి
చండూరు దాక నడిచింది."

ఇంట్ల, కూసున్న తావునే.
టిక్కెట్ లేకుంట.
అప్పటిసంది భుజం నొస్తె
ఇప్పుడు ఏ ఊరు దాటుతున్ననో అనుకుంట.

రాత్రి మీ నాయనకు ఆ లెక్క చూపించిన.
చాలసేపు చూసిండు.
తప్పుంటదేమోనని వేళ్ళ మీద మళ్ల చేసిండు.
తప్పు దొరకలే.

ఫిజిక్సుల నీకు తక్కువొస్తయని నాకెర్కే.
కరెంటు పాఠం కాడ పుస్తకం మూస్తవ్.
మూసినా మంచిదే, మళ్ల తెరువు.
చిక్కుపడ్డ నూలును కత్తెరతోని కోసుకుంట పోతె
బట్ట గాదు, పీలికలైతయ్.
పోగు పట్టుకోని
ముడి ఎక్కడ పడ్డదో అక్కడిదాక పోవాలె.

ఏమైతవో నేనేం చెప్ప.
రంగుల కంపెనీల కూసుంటవో,
నస్రీన్ టీచర్ లెక్క ఇంకో బడిల బస్తాలు జరుపుతవో.
నాకు ఒక్కటే కావాలె:
నూనె, బూడిద తేట కలిస్తె
దారం ఆ ఎరుపును ఎందుకట్ల పట్టుకుంటదో,
ఎన్ని ఉతుకులుతికినా ఎందుకు ఇడువదో
మా అమ్మకు తెల్వదు, వాళ్ళమ్మకు తెల్వదు.
అది తెల్సుకొని ఒకనాడు
నాకర్థమయ్యేటట్టు చెప్పు.

ఫారం మీద సంతకం పెట్టిన.
కాయితం అంచుకు నా వేలి ఎరుపు అంటింది,
తుడిస్తె పోలే.
చండూరు బస్సు ఏడుంబావుకు.
ఇగ పండుకో.